మానే గాయం వెనక మనిషి - డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

పళ్ళూడిన వాళ్ళకి తీసి పెట్టుకునే కట్టుడుపళ్ళే దిక్కు అనుకునే కాలం పోయింది. ఇవాళ దవడ ఎముకలో చిన్న టైటానియం మర బిగించి, దాని మీద పన్ను నిలబెడుతున్నారు. దాన్నే ఇంప్లాంటు అంటున్నారు. ఎముకలో లోహం అతుక్కుపోవడం విచిత్రమే. అయితే ఆ లోహం చుట్టూ కోసిన చిగురు మళ్ళీ బిగిసి కూడుకోవడం అంతకన్నా విచిత్రం. ఎముక లోపల ఉంది, దానికి కాపు ఉంది. చిగురు అలా కాదు. అన్నం, కూర, ఉమ్మి, కోట్లాది సూక్ష్మజీవులు - వీటన్నిటి మధ్యనే ఉండి మానాలి.

చిగురు కోసిన క్షణం నుంచి ఏం జరుగుతుందో క్లుప్తంగా చెప్పుకుందాం. ముందు రక్తం గడ్డకట్టి గాయాన్ని మూస్తుంది. కొన్ని గంటల్లోనే తెల్లకణాలు వచ్చి సూక్ష్మజీవుల్నీ, చచ్చిన కణాల్నీ ఊడ్చిపెడతాయి. రెండు మూడు రోజులు పోయేక కొత్త రక్తనాళాలు మొలుస్తాయి. కణాలు కొన్ని చేరి కొల్లాజెన్ అనే నారను పేనడం మొదలెడతాయి. ఈలోగా గాయం అంచుల్లో ఉన్న పైపొర కణాలు రెండుగా చీలుతూ, ముందుకి జరుగుతూ వచ్చి లోహాన్ని తాకి దానికి అంటుకుంటాయి. ఈ మూత కుదుటపడడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. ఇంతా చేస్తే దాని ఎత్తు 3, 4 మిల్లీమీటర్లు. నోట్లో ఉన్న సూక్ష్మజీవుల లోకానికీ లోపలున్న ఎముకకీ మధ్య ఉన్న గోడ అదొక్కటే.

దేవుడిచ్చిన పంటికి ఈ గోడ గట్టిది. పంటి వేరు మీద సిమెంటం అనే పూత ఉంటుంది. చిగురు నారలు దాంట్లోకి దిగి, గుంజలు పాతినట్టు నిలబడతాయి. టైటానియం మీద ఆ పూత లేదు. అందుచేత నారలు లోహాన్ని పట్టుకోకుండా, దాని పక్కన నిలువుగానూ చుట్టూ కడియంలాగానూ సర్దుకుంటాయి. పంటికీ ఎముకకీ మధ్య ఉండే మెత్తని పొర నుంచి వచ్చే రక్తం కూడా ఇక్కడ రాదు. అంటే ఇంప్లాంటు చుట్టూ మానిన చిగురు, పంటి చుట్టూ ఉండే చిగురు కన్నా కాస్త పేదది.

ఈ పేద గోడ లేవాలంటే మూడు కావాలి. కణం పనిచెయ్యడానికి శక్తి కావాలి. కొత్త కణం పుట్టడానికి సరుకు కావాలి. కట్టింది కూలగొట్టేవాళ్ళ నుంచి రక్షణ కావాలి. ఈ మూడింటి గురించి ఇవాళ మనకి తెలిసినదాంట్లో పెద్ద పాలు ఒక తెలుగువాడి చేతిమీదుగా నడిచింది. ఆయన దంతవైద్యుడు కాడు. స్వీడన్ దేశంలో గోటెన్‌బర్గ్ నగరపు ఆచార్యుడు బ్రానెమార్క్ 1965లో మొదటి రోగికి టైటానియం ఇంప్లాంట్లు బిగించేనాటికి ఆయన పోయి పదిహేడేళ్ళయింది. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. పేరు మనందరం విన్నదే. పోటీ పరీక్షల పుస్తకాల్లో ఒక వాక్యంగా చదివి వదిలేస్తాం. ఆ జీవితం మాత్రం ఒక వాక్యంలో ఇమిడేది కాదు.

భీమవరం కుర్రాడు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టేడు. తండ్రి జగన్నాథం రెవెన్యూ ఉద్యోగి. తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లల్లో నాలుగోవాడు. చదువు మీద మొదట్లో పెద్ద ధ్యాస ఉండేది కాదు. పదమూడేళ్ళప్పుడు, కాశీ పోయి యాత్రికులకి అరటిపళ్ళు అమ్మి డబ్బు గడిద్దామని ఇల్లు విడిచి పోయేడు. తల్లి వెనక్కి రప్పించి మళ్ళీ బళ్ళో కూచోబెట్టింది. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్లో చదివి గట్టెక్కేడు. మన కళాశాలల్లో ఒక పరీక్ష తప్పగానే బతుకే తప్పిందనుకునే పిల్లలున్నారు. వాళ్ళు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుతున్నప్పుడు మనసు సన్యాసం మీదకి పోయింది. రామకృష్ణ మఠంలో చేరిపోదామనుకున్నాడు. మఠం పెద్దలు ముందు వైద్యం చదువుకోమన్నారు. రోగుల సేవకి అది పనికొస్తుందని వాళ్ళ ఉద్దేశం. అలా మద్రాసు వైద్య కళాశాలలో చేరేడు. మిత్రులు, ఆ తర్వాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు చదువుకి డబ్బు సర్దేరు. 1919లో ఆయన కుమార్తె శేషగిరితో పెళ్ళయింది.

అవి గాంధీ గారి మాట దేశమంతా మార్మోగుతున్న రోజులు. సుబ్బారావు ఆపరేషన్ గదికి కూడా ఖద్దరు అంగీతోనే వెళ్ళేడు. శస్త్రచికిత్స ఆచార్యుడైన ఇంగ్లీషు దొరకి అది నచ్చలేదు. రాతపరీక్షలు బాగానే రాసినా చివరకి చేతికి వచ్చింది ఎం.బి.బి.ఎస్. కాదు, దానికన్నా ఒక మెట్టు తక్కువైన ఎల్.ఎం.ఎస్. ఒక అంగీ ఖరీదు ఒక డిగ్రీ. దాంతో మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖలో మంచి ఉద్యోగానికి దారి మూసుకుపోయింది. సుబ్బారావు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం పాఠాలు చెప్పుకుంటూ బతికేరు.

నోట్లో మొదలైన జబ్బు

ఆయన జీవితాన్ని తిప్పిన సంగతి కళాశాలలో జరిగింది కాదు, ఇంట్లో జరిగింది. స్ప్రూ అనే జబ్బు ఆయన అన్నదమ్ములిద్దర్ని ఎనిమిది రోజుల తేడాలో పొట్టన పెట్టుకుంది. మన వైద్యులు సంగ్రహణి అనే జబ్బుకి దగ్గరిదిది. పేగులు తిండిలో సారాన్ని పీల్చుకోలేవు. విరోచనాలు పట్టుకుంటాయి. మనిషి రక్తహీనుడై ఎండిపోతాడు. అయితే రోగికి ముందుగా తెలిసేది నోట్లోనే. నాలుక ఎర్రగా, నున్నగా, పచ్చిపుండులా అయిపోతుంది. పెదాల మూలలు చీలుతాయి. బుగ్గలు పూస్తాయి. కారం సంగతి సరే, గోరువెచ్చని అన్నమే మంట. అసలు స్ప్రూ అన్న మాటే డచ్చి భాషలో నోటిపూత పేరు నుంచి వచ్చింది.

కొన్నాళ్ళకి సుబ్బారావు గారికే ఆ జబ్బు పట్టుకుంది. ఇంగ్లీషు వైద్యంలో అప్పటికి దానికి మందు లేదు. ఆయుర్వేద వైద్యంలో పేరు మోసిన డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సతో బతికి బయటపడ్డారు. ఆ చికిత్సలో ఏం పనిచేసిందో, ఎందుకు పనిచేసిందో తెలుసుకోవాలన్న పట్టుదల అక్కడ పుట్టింది. తనకి తగ్గింది, అన్నదమ్ములకి తగ్గలేదు. ఈ లెక్క తేలాలంటే శరీరం లోపలి రసాయనశాస్త్రం తెలియాలి. అది నేర్పే చోటు అప్పటికి మద్రాసులో లేదు.

నోటిలోపలి పొర మన శరీరంలో చాలా త్వరగా పాతబడి రాలిపోయే పొరల్లో ఒకటి. పంటిని అంటుకుని ఉండే చిగురు అంచు కణాలు కొద్దిరోజుల్లోనే మారిపోతాయి. మిగతా నోటి పొర కూడా కొన్ని వారాల్లోపే కొత్తదైపోతుంది. రాలినవాటి చోట కొత్తవి ఎప్పటికప్పుడు పుడుతూనే ఉండాలి. పుట్టుక ఆగితే పొర పలచబడి పుండవుతుంది. స్ప్రూలో జరిగేది ఇదే. తోలు మీద కన్నా నోట్లో గాయం త్వరగా మానడానికి ఒక కారణం ఈ వేగం. సరుకు అందకపోతే ముందుగా దెబ్బతినడానికి కారణమూ అదే వేగం.

నీలిరంగులో దొరికిన శక్తి

కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం, మామగారి సొమ్ము కూడగట్టుకుని, ఇంటిదగ్గర భార్యని వదిలి, సుబ్బారావు 1922 అక్టోబరు 26న అమెరికాలో బోస్టన్ చేరేరు. హార్వర్డ్ విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్య కళాశాలలో చేరేరు. చేతిలో డబ్బు నిలవలేదు. ఒక ఆసుపత్రిలో రాత్రిపూట పనివాడిగా కుదిరి, రోగుల మలమూత్రాల పాత్రలు కడిగేరు. మద్రాసులో పట్టా పొందిన డాక్టరు ఆ పని చేసేరు. పగలు మళ్ళీ చదువే.

డిప్లొమా అయ్యేక జీవరసాయనశాస్త్ర శాఖలో సైరస్ ఫిస్కే దగ్గర చేరేరు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో కొలవడం అప్పట్లో తలనొప్పి పని. ఫిస్కే, సుబ్బారావు కలిసి 1925లో ఒక తేలికైన పద్ధతి ప్రకటించేరు. భాస్వర లవణాన్ని మాలిబ్డేట్‌తో కలిపి, ఒక క్షయకరణి వేస్తే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. మన కళాశాలల్లో జీవరసాయనశాస్త్రం చదివే పిల్లలు ఫిస్కే - సుబ్బారావు పద్ధతి అని ప్రాక్టికల్సులో చేసేది ఇదే. ఆ రెండో పేరు భీమవరంలో పుట్టిందని కొలగాజు పట్టుకున్న కుర్రాళ్ళలో ఎంతమందికి తెలుసో!

కొలవడం వచ్చేక కొత్త సంగతులు బయటపడ్డాయి. కండరంలో భాస్వరం లెక్క ఎంతకీ సరిపోలేదు. ఆ తేడా వెంటపడి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను పట్టేరు. 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను, అంటే ఎ.టి.పి.ని వేరుచేసేరు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుక్కున్నాడు. కండరం కదలడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని నోబెల్ బహుమతి పొందిన సిద్ధాంతం అప్పటికి చలామణిలో ఉండేది. ఈ కొత్త పదార్థాల రాకతో అది కదిలిపోయింది.

కణం చేసే ప్రతి పనికీ ఖర్చయ్యే చిల్లర డబ్బు ఎ.టి.పి. గాయం అంచున ఉన్న చిగురు కణం ఒక వెంట్రుకవాసి ముందుకి జరగాలన్నా, నారకణం ఒక కొల్లాజెన్ పోగు పేనాలన్నా, తెల్లకణం ఒక సూక్ష్మజీవిని మింగాలన్నా ఆ చిల్లర ఖర్చుపెట్టాల్సిందే. ఇంప్లాంటు చుట్టూ రక్తప్రసారం తక్కువన్నాం. రక్తం తక్కువైతే ప్రాణవాయువు తక్కువ. ప్రాణవాయువు తక్కువైతే ఎ.టి.పి. తయారీ మందగిస్తుంది. చిగురు మానడంలో మొదటి లెక్క ఇక్కడే తేలుతుంది.

కాలేయంలో వెతికిన సరుకు

1930లో పిహెచ్.డి. వచ్చింది. పేరు వచ్చింది. హార్వర్డులో స్థిరమైన కుర్చీ మాత్రం రాలేదు. పదేళ్ళు అలాగే పనిచేసేరు. ఈ పదేళ్ళలో ఆయన మనసు పాత జబ్బు మీదకే పోయింది. కాలేయం తినిపిస్తే కొన్ని రకాల రక్తహీనత తగ్గుతుందని అప్పటికే తెలుసు. కాలేయంలో ఉన్న ఆ పదార్థం ఏమిటి? బొంబాయిలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు గర్భిణుల రక్తహీనత ఈస్టు సారంతో తగ్గుతోందని 1931లో ప్రకటించింది. దారులు వేరైనా ఇద్దరూ వెతుకుతున్నది దగ్గర దగ్గరగా ఒకటే.

1940లో సుబ్బారావు హార్వర్డ్ వదిలి, న్యూయార్కు దగ్గర పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలకి వెళ్ళేరు. రెండేళ్ళలో అక్కడి పరిశోధనలన్నిటికీ డైరెక్టరయ్యేరు. ఆయన నడిపిన జట్టు కాలేయం నుంచీ, సూక్ష్మజీవుల పులియబెట్టిన రసం నుంచీ ఫోలిక్ ఆమ్లాన్ని వేరుచేసి, 1945లో ప్రయోగశాలలో తయారుచేసింది. ఒక్క మనిషి పని కాదది. రసాయన శాస్త్రజ్ఞులు, సూక్ష్మజీవ శాస్త్రజ్ఞులు అనేకమంది కలిసి చేసేరు. కొద్దికాలంలోనే అమెరికా వైద్యుడు టామ్ స్పైస్ స్ప్రూ రోగులకి ఆ మందిచ్చి చూసేడు. రక్తం పుంజుకుంది. నాలుక మంట తగ్గింది. అన్నం రుచి తెలిసింది.

అన్నదమ్ములు పోయిన ఇరవై ఏళ్ళు దాటేక, వాళ్ళని చంపిన జబ్బుకి మందు సుబ్బారావు గారి ప్రయోగశాలలో గాజుసీసాలోకి వచ్చింది. ఆయన ఆ జబ్బుకి దూరంగా ఎంత పోయినా అది ఆయన్ని వదల్లేదు, ఆయనా దాన్ని వదల్లేదు.

ఫోలిక్ ఆమ్లం చేసే పని ఏమిటి? కణం రెండు కావాలంటే ముందు దాని డి.ఎన్.ఎ. రెండు కావాలి. డి.ఎన్.ఎ. ఇటుకల్లో ఒకటైన థైమిడిన్ తయారీకి ఫోలేట్ లేనిదే కుదరదు. రక్తకణాలు, పేగుపొర, నోటిపొర - త్వరత్వరగా చీలే కణాలకి దీని అవసరం ఎక్కువ. చిగురు గాయం అంచున పైపొర కణాలు చీలుతూ లోహం వైపు నడుస్తాయని చెప్పుకున్నాం కదా. ఆ నడకకి రెండో అవసరమైన సరుకు ఇది. ఒంట్లో లోటు లేనివాడు మాత్రలు మింగితే చిగురు మరింత వేగంగా మానుతుందని దీనర్థం కాదు. లోటుంటే మాత్రం ఎంత మంచి వైద్యుడు కుట్లువేసినా పొర పలచగానే ఉంటుంది. తోటకూర, పాలకూర, పప్పు, వేరుశనగ తినే ఇంట్లో ఈ లోటు అంతగా రాదు.

ఆపి చూస్తే తెలిసిన నిజం

ఒక సరుకు విలువ అది అందనప్పుడే బాగా తెలుస్తుంది. బోస్టన్‌లో పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త కాన్సరు పిల్లల కోసం ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే పదార్థాలు కావాలన్నాడు. సుబ్బారావు జట్టు అమినోప్టెరిన్ చేసి పంపింది. 1947 చివర్లో మొదలెట్టి, 1948లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించేడు. రోజుల్లో పోతారనుకున్న పిల్లల్లో కొందరు కొన్ని నెలలు లేచి తిరిగేరు. కాన్సరుని రసాయనాలతో లొంగదీయవచ్చని లోకానికి గట్టిగా తెలిసిన ఘట్టాల్లో అదొకటి. దాని తోబుట్టువే ఇవాళ మెథోట్రెక్సేట్ పేరుతో కాన్సరుకీ, కీళ్ళవాతానికీ వాడుతున్న మందు.

ఆ మందు పిల్లల్ని బతికించిన చోటే వాళ్ళ నోళ్ళు పూసేయి. కాన్సరు కణాల విభజన ఆగినట్టే నోటిపొర కణాల విభజనా ఆగింది. ఇప్పటికీ మెథోట్రెక్సేట్ మింగేవాళ్ళ నోట్లో పుళ్ళు లేస్తే మోతాదు మించిందేమోనని వైద్యులు అనుమానిస్తారు. కీళ్ళవాతం రోగులకి ఆ మందుతో బాటు ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా రాసేది అందుకే. స్ప్రూలో ప్రకృతి చేసింది ఇక్కడ మందు చేసింది. మద్రాసులో అన్నదమ్ముల నోళ్ళలో చూసినదాన్ని సుబ్బారావు శాస్త్రం రెండువైపుల నుంచీ రుజువు చేసింది - ఇస్తే మానుతుంది, ఆపితే పూస్తుంది.

బంగారు రంగు మందు

మూడోది రక్షణ. పెన్సిలిన్ వచ్చేక, నేలలో బతికే సూక్ష్మజీవుల్లో ఇంకా మందులు దొరుకుతాయేమోనని లోకమంతా మట్టి తవ్వుతున్న రోజులవి. లెడర్లీలో బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడుండేవాడు. విశ్వవిద్యాలయంలో రిటైరై, డెబ్భై ఏళ్ళు దాటేక అక్కడ చేరినవాడు. మిస్సోరీ రాష్ట్రపు పొలం మట్టిలోంచి ఆయన బంగారు రంగు సూక్ష్మజీవిని పట్టేడు. దాని నుంచి వచ్చిన మందు ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిది. 1948 జూలైలో దాన్ని ప్రకటించేరు. పని నడిపించింది సుబ్బారావే అయినా, వేదిక మీద డగ్గర్‌నీ తక్కినవాళ్ళనీ నిలబెట్టి తాను వెనక ఉండిపోయేరు. అది ఆయన పద్ధతి.

నెల తిరక్కుండానే, 1948 ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి పోయేరు. వయసు 53. పాతికేళ్ళకి పైగా అమెరికాలో ఉన్నా ఆ దేశపు పౌరుడు కాలేదు. స్వతంత్ర భారతదేశాన్నీ చూడలేదు. ఆయన బయల్దేరి వెళ్ళేక పుట్టిన కొడుకు పసికందుగానే పోయేడు. తండ్రి ఆ బిడ్డ మొహం చూడలేదు. శేషగిరి గారు మళ్ళీ భర్తని చూడలేదు. శాస్త్రం కోసం ఆయన ఇచ్చినదాని లెక్క రాసేటప్పుడు ఆమె ఇచ్చినది కూడా ఆ పుస్తకంలోనే రాయాలి.

ఆరియోమైసిన్ కథ ఆయనతో ఆగలేదు. ఆ జాతిలో తర్వాత టెట్రాసైక్లిన్, డాక్సీసైక్లిన్, మినోసైక్లిన్ వచ్చేయి. చిగుళ్ళ జబ్బుకి సూక్ష్మజీవుల్ని చంపడానికి వీటిని వాడుతుండగా 1983లో న్యూయార్కు రాష్ట్రంలో లోర్న్ గోలబ్, ఆయన సహచరులు ఒక వింత గమనించేరు. సూక్ష్మజీవులే లేకుండా పెంచిన మధుమేహం ఎలుకల్లో కూడా మినోసైక్లిన్ చిగుళ్ళని కాపాడింది. చంపడానికి సూక్ష్మజీవి లేనప్పుడు మందు చేసిందేమిటి? కొల్లాజెన్ నారని కొరికేసే కొల్లాజినేజ్ అనే పదార్థాన్ని ఆపింది. గాయం దగ్గరికి ఊడవడానికొచ్చిన తెల్లకణాలే దీన్ని విడుస్తాయి. చీపురు మితిమీరితే గోడ సున్నం కూడా రాలిపోతుంది కదా! ఆ చీపురిని ఈ మందు అదుపులో పెడుతుంది. సూక్ష్మజీవుల్ని చంపలేనంత తక్కువ మోతాదులో, 20 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్‌ని, చిగుళ్ళ జబ్బు కోసం అమెరికా ప్రభుత్వం 1998లో ఒప్పుకుంది.

ఈ జాతి మందులకి ఇంకో గుణముంది. కాల్షియాన్ని అంటుకుంటాయి. అందుకే చిన్నపిల్లలకి ఇస్తే వచ్చే పళ్ళు పచ్చబడతాయి, వైద్యులు ఇవ్వరు. అదే గుణం పరిశోధకులకి కలిసొచ్చింది. జంతువుకి టెట్రాసైక్లిన్ ఇచ్చి, తర్వాత ఎముక ముక్కని అతినీలలోహిత కాంతిలో చూస్తే, ఆ రోజుల్లో కొత్తగా కట్టిన ఎముక పసుపు బంగారంలా మెరుస్తుంది. ఇంప్లాంటు చుట్టూ ఎముక ఏనాడు ఎంత పెరిగిందో ఆ మెరుపు చెబుతుంది.

మన తీరానికి ఆయన ఎంత దగ్గర

సుబ్బారావు గారు గోదావరి జిల్లా మనిషి. మన నాగావళి, వంశధార ఒడ్డుకి ఆయనకీ ఏమిటి సంబంధం అనవచ్చు. బోదకాలు తెలియని ఊరు మన తీరంలో అరుదు. ఆ జబ్బు రాకుండా ఇంటింటికీ తిరిగి మింగించిన డి.ఇ.సి. మాత్ర, లెడర్లీలో ఆయన నాయకత్వాన 1947లో వచ్చిన హెట్రజానే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆయన పేరు తెలియకుండానే ఆయన మందు మింగినవాళ్ళు లక్షలమంది ఉంటారు.

నోటి సంగతికొస్తే మన జిల్లాకి లోకంలో ఒక పేరుంది, గర్వపడేది కాదు. చుట్ట నిప్పుకొస లోపలికి పెట్టి కాల్చే అడ్డపొగ అలవాటు మన పల్లెల్లో, ముఖ్యంగా ఆడవాళ్ళలో, తరతరాలుగా ఉండేది. డెన్మార్కు ఆచార్యుడు పిండ్‌బోర్గ్, బొంబాయి దంతవైద్యుడు ఫాలీ మెహతా, వారి సహచరులు మన ప్రాంతపు పల్లెల్లో 10,169 మంది నోళ్ళు తెరిపించి చూసి, 1971లో ఫలితాలు ప్రకటించేరు. నూటికి 40 మందికి పైగా అడ్డపొగ వాళ్ళే. అంగిట్లో తెల్లమచ్చలు, పుళ్ళు, కాన్సర్లు ఆ అలవాటు వెంటే కనిపించేయి. ఆ తర్వాత శ్రీకాకుళంతో సహా మూడు జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవాళ్ళకి నచ్చజెప్పి మాన్పించే ప్రయత్నం చేసి, 1986లో అయిదేళ్ళ ఫలితం చెప్పేరు. మానినవాళ్ళ నోళ్ళలో మచ్చలు తగ్గేయి.

సుబ్బారావు గారి ప్రయోగశాల పాఠమూ, మన పల్లె పాఠమూ ఒకటే. నోటిపొరకి మానే శక్తి పుట్టుకతో ఉంది. మనం అడ్డుపడకపోతే చాలు. పొగాకు చిగురు రక్తనాళాల్ని ముడుచుకునేలా చేస్తుంది. అసలే రక్తం తక్కువైన ఇంప్లాంటు చిగురుకి అది పెద్ద దెబ్బ. పొగతాగేవాళ్ళలో ఇంప్లాంట్లు విఫలం కావడం ఎక్కువని వైద్యులు పదేపదే చూసేరు. మధుమేహం అదుపులో లేనివాళ్ళకీ అదే ప్రమాదం. వీళ్ళకి ఎంత మందిచ్చినా, రోజూ శుభ్రంగా తోముకోకపోతే ఆ 3, 4 మిల్లీమీటర్ల గోడ నిలవదు. యాంటీబయాటిక్ బ్రష్షుకి బదులు కాదు. మందుల దుకాణంలో అడిగి కొనుక్కుని మింగితే, ఆయన తెచ్చిన మందుని మనమే మొద్దుబారుస్తున్నట్టు లెక్క.

సుబ్బారావు గారికి నోబెల్ రాలేదు. 1995లో శతజయంతికి మన తపాలాశాఖ ఒక బిళ్ళ వేసింది. అంతకుముందే అమెరికా శాస్త్రజ్ఞులు ఒక శిలీంధ్రానికి ఆయన పేరు పెట్టేరు. తన పేరు కోసం ఆయన ఎన్నడూ పాకులాడలేదు కనుక ఈ లోటు ఆయనది కాదు, మనది. ఎవరి పని మీద మన ఆరోగ్యం నిలబడిందో తెలియకపోవడం చదువుకున్నవాడికి లోటే.

జనవరి 12 వివేకానందుడి పుట్టినరోజు. మన కళాశాలల్లో దాన్ని యువజన దినంగా జరుపుకుంటాం. ఒకప్పుడు రామకృష్ణ మఠంలో చేరబోయి, మఠం పంపగా వైద్యానికి వెళ్ళిన ఈ సుబ్బారావు పుట్టినరోజూ అదే. ఆ రోజు సభలో అరగంట ఆయనకీ ఇస్తే బాగుంటుంది. ఉపన్యాసం అక్కరలేదు. జీవరసాయన ప్రయోగశాల తలుపు తీసి, మొదటి సంవత్సరం పిల్లలచేత ఒక గాజుగొట్టంలో ఆ నీలిరంగు తెప్పించి, ఆ పద్ధతి ఎవరిదో, ఆయన దాన్ని ఏ పరిస్థితుల్లో కనుక్కున్నారో చెబితే చాలు.